విత్తనానికి వదిలిన కాయ

అది నా కాయే. వంద సొరకాయల్లో కలిపినా గుర్తుపడతాను, ఇక్కడ ఉన్నవి నాలుగే. బల్ల ముందు పరిచిన పట్టా మీద, వరికంకుల మోపుకీ గుమ్మడికాయకీ మధ్య, మెడ కాస్త ఎడమకి వంచుకుని, పొట్ట మీద పాలు చిందినట్టు తెల్ల చుక్కలతో, పిలవని పేరంటానికి వచ్చిన మనిషిలా కూర్చుంది. పొద్దున ఆరింటికి నేను ల్యాబుకి బయల్దేరేటప్పుడు సింగ్‌నగర్‌లో మా పెరటి పందిరికి వేలాడుతోంది, దాన్ని ఒకసారి తట్టి మరీ వెళ్ళాను. ఆదివారాలు పరగడుపున రక్తం ఇచ్చేవాళ్ళు ఎక్కువ. ఆ పని ముగించుకుని ల్యాబు నుంచి నేరుగా పటమటలో మా చర్చికి వచ్చేసరికి పదయింది, పాటలు అయిపోయి ప్రార్థన నడుస్తోంది. ఇవాళ కోతపండగ. స్తంభాలకి చెరుకుగడలు కట్టారు, కిటికీలకి బంతిపూల దండలు. బుట్ట కింద మూసిన కోడిపుంజు ప్రార్థన మధ్యలో కూసింది, పిల్లలు నవ్వారు, పెద్దలు కళ్ళు మూసుకునే కోప్పడ్డారు. నేను ఆడవాళ్ళ వైపు నాలుగో వరసలో వినీల పక్కన కూర్చుని, కళ్ళు మూసుకోబోతూ చూశాను. ఆ తర్వాత మూసుకోలేదు. వినీల నా భర్త జాన్ పాల్ కూతురు, ఆయన మొదటి భార్య పిల్ల, నన్ను పిన్ని అంటుంది. ఆమెన్ అనగానే నా చెవి దగ్గరికి వంగి, "పిన్నీ, సొరకాయ తెచ్చాను, చూశావా? నువ్వు హడావిడిలో మర్చిపోయావని నేనే కోసుకొచ్చాను" అంది. చూశాను అన్నాను. "బాగుంది కదా, అన్నిట్లోకీ మనదే పెద్దది." బాగుంది అన్నాను. ఇంకేమంటాను. కోసిన కాయని తీగకి అతికించే మందు ఏ షాపులోనూ అమ్మరు.

కోపం వచ్చింది. మామూలుగా కాదు, చెవులు వేడెక్కేంత. కానీ నా కోపం ముఖం దాకా రాదు. ఇరవై ఆరేళ్ళుగా జనం చేతుల్లో సూదులు గుచ్చుతున్నదాన్ని, గుచ్చేటప్పుడు ఎలా ఉండాలో నా ముఖానికే అలవాటైపోయింది. వినీల ఆ ముఖాన్నే పద్నాలుగేళ్ళుగా చూస్తోంది. అది కూరకి కాసిన కాయ కాదమ్మా, విత్తనానికి వదిలింది, తీగ మీదే ఎండాలి, ఇంకో పది రోజులు ఆగి ఉంటే, అని ఇప్పుడు చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. పిల్ల గొడవ చేయదు. సారీ పిన్నీ అంటుంది, అని ఫోన్ చూసుకుంటుంది, మళ్ళీ పెరటి వైపు అడుగు పెట్టదు. ఇన్నేళ్ళలో ఆ పెరట్లోంచి తనంతట తాను ఒక మిరపకాయ కోసిన పిల్ల కాదు, ఇవాళ ఎందుకు బుద్ధి పుట్టిందో, కోసి కోసి దాన్నే కోసింది. కాబట్టి చెప్పను. ఆరాధన అయ్యాక ఎలాగూ వేలంపాట ఉంటుంది. దేవుడికి తెచ్చినవన్నీ పాడుకుని ఇళ్ళకి తీసుకెళ్తారు. ఆ పాటలో దాన్ని నేను దక్కించుకోవాలి, ఎందుకు పాడానో పిల్లకి తెలియకుండా. ఇంకెవరైనా పాడుకుంటే మధ్యాహ్నానికి కత్తిపీట ఎక్కుతుంది. ఎవరూ పాడకపోతే పాస్టరమ్మగారి వంటింటికి పోతుంది, మిగిలిపోయిన కూరగాయలు ఆవిడకే. ఇవన్నీ దాటి నా చేతికి వచ్చినా లోపల గింజ ముదిరిందో లేదో తెలియదు. లేత గింజ ఎండితే పొల్లు. పైకి గింజలాగే ఉంటుంది, మొలవదు. నాకూ కాయకీ మధ్య మూడు వరసల తలలున్నాయి, ఒక ప్రసంగం ఉంది. మా పాస్టరుగారి ప్రసంగం గంటకి తగ్గదు.

ఆ విత్తనం మా అమ్మది. మా అమ్మ అమలమ్మ, చల్లపల్లి దగ్గర ఊళ్ళో నాట్లకీ కోతలకీ కూలికి పోయేది, మా దొడ్లో గడ్డివామి మీదికి ఈ సొరపాదు పాకించేది. ఆమెకి ఎవరిచ్చారో, వాళ్ళమ్మో అత్తో, నేను అడగలేదు. అడగాల్సినవాటిలో సగం అడగలేదు. నా పెళ్ళికి బీరువా పెట్టలేకపోయింది కానీ ఒక పాలపొడి డబ్బా ఇచ్చింది, డబ్బాలో బూడిద, బూడిదలో గింజలు, పైన ఒక ఎర్రదారం ఉండ. మా ఇంట్లో గ్యాసు పొయ్యి, బూడిద ఎక్కడిది, ఏటా వీధి చివర ఇస్త్రీబండి అతన్ని అడిగి బొగ్గుల బూడిద తెచ్చి మార్చేదాన్ని. మా ఆయన నవ్వేవాడు, దిష్టి తీస్తున్నావా అని. పదమూడేళ్ళు మార్చాను. పోయినేడాది సెప్టెంబరులో, అమ్మ లెక్కలో అయితే పుబ్బకార్తెలో, బుడమేరు పొంగి మా ఇంట్లోకి వచ్చింది. మేము పైవాళ్ళ డాబా మీద ఉన్నాం, పడవల మీద పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు వచ్చేవి, కింద మా కిటికీలు నీళ్ళలో సగం మునిగి కనిపించేవి. నీళ్ళు తీశాక బురద తోడుతుంటే డబ్బా వంటగట్టు కింద బోర్లా దొరికింది. మూత తీస్తే గింజలన్నీ ఉబ్బి, కొన్ని మొలకెత్తి, ఎత్తినవి ఎత్తినట్టే కుళ్ళిపోయి ఉన్నాయి. డబ్బాలో చీకట్లో మొలకెత్తాయి పాపం, తడి తగిలింది, కార్తె వచ్చిందనుకున్నాయి. ఫ్రిజ్ పోయింది, పరుపులు పోయాయి, వినీల సర్టిఫికెట్లు తడిసి అట్టలు కట్టాయి, అందరం వాటి గురించే మాట్లాడుకున్నాం. సొర గింజలు పోయాయని నేను ఎవరితోనూ అనలేదు. వీధివీధంతా మంచాలు బయట ఆరబెట్టుకుని కూర్చుంటే, గింజలు పోయాయని ఏడిచేదాన్ని ఏమంటారు.

గంగాదేవితో అన్నాను. ఆమె బందరు నుంచి చేపలు తెచ్చి మా వీధుల్లో అమ్ముతుంది, వారానికి రెండుసార్లు మా గుమ్మంలో గంప దించుతుంది. అన్నానంటే ఏడిచి చెప్పలేదు, కొరమేనులు తూస్తుంటే మాటల్లో అన్నాను. మొన్న ఏప్రిల్లో ఒకరోజు గంప దించి, చేపల సంగతి ఎత్తకుండా, కొంగు ముడి విప్పి మూడు గింజలు నా చేతిలో పోసింది. "ఎప్పుడో నువ్విచ్చినియ్యేనమ్మా. మా ఇంటికాడ పాదు పెట్టుకున్నా, గింజ దాచుకున్నా. దాచుకుంటే ఏం లాభం, కోళ్ళు గోకి తినేసినయ్యి. ఇయ్యే మిగిలినయ్యి. నీయి నీకే" అంది. నేను ఇచ్చిన సంగతే నాకు గుర్తు లేదు. ఆ చేతుల నిండా పొలుసులు మెరుస్తున్నాయి, గింజలు చేపల వాసన వేశాయి. సంతోషంతో గింజల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే ఆమె ఏమనుకుందో, "ఏంటమ్మా, మొలవ్వనా?" అంది. మొలుస్తాయి అన్నాను. మూడింటిలో రెండు మొలవలేదు. మూడోది మట్టిని కాస్త పైకెత్తి, వంగిన మెడతో వచ్చింది.

ఏడాది పొడుగునా ఆ సెంటు పెరట్లో ఏదో ఒకటి ఉంటుంది. రోహిణి ఎండల్లో గోంగూర, తోటకూర తప్ప ఏదీ తలెత్తదు, వాటికీ పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు పోయాలి. మృగశిర చినుకులకి బెండ, బీర, కాకర. చిక్కుడు అప్పుడే పెట్టినా చలిగాలి తగిలితే గాని పూత వేయదు, ఎంత ఎరువు వేసినా దాని మొండితనం దానిదే. వానలు వెనకబట్టాక వంగ, టమాటా. చలి పోతూనే దోస. సొరకి మాత్రం అమ్మ పునర్వసు దాటనిచ్చేది కాదు, నేనూ దాటనివ్వలేదు, ఆ ఒక్క మొక్కనీ పునర్వసులో పాదులోకి మార్చి పైన జల్లెడ మూశాను, మా వీధిలోనూ కోళ్ళున్నాయి. ఉత్తరకార్తెలో మంచి ఆడపువ్వు పడింది. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, తెల్లగా పల్చగా, తెల్లారేసరికి వాడిపోతుంది, ఆ కాస్త వ్యవధిలోనే పని కానివ్వాలి. మగపువ్వు కోసి, రేకులు ఒలిచి, స్లైడు మీద రక్తం పూసినంత జాగ్రత్తగా దాని పుప్పొడి ఆడపువ్వుకి రాసి, పక్కింటివాళ్ళ షాపు సొర కలవకుండా పైన కాగితం కవరు కట్టాను. పిందె నిలిచింది. నిలిచాక తీగ బలమంతా దానికే పోవాలని మిగతా పిందెలన్నీ గిల్లేశాను. పందిరి నిండా సొరతీగ పెట్టుకుని రైతుబజారులో సొరకాయ కొన్న మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. పిడికిలంత అయ్యాక, ఎవరూ కోయకుండా తొడిమకి గుర్తు కట్టాలి. అమ్మ ఇచ్చిన దారం ఉండ వరదలో గింజలతోపాటే కుళ్ళిపోయింది. ల్యాబు సంచిలో బ్యాండేజీ గుడ్డ ఉంటే ఒక పీలిక చించి కట్టాను, ఇంట్లో అందరికీ తెలియాలని. అందరూ అంటే ఇద్దరు. నోటితో చెబితే సరిపోయేది. నోటితో చెప్పడం నాకు రాదు.

పాస్టరుగారు కృతజ్ఞత గురించి చెబుతున్నారు, రెండో భాగంలోకి వచ్చారు, ఆయనకి ఎప్పుడూ మూడు భాగాలు. ఫ్యాను గాలికి వరికంకులు గలగలమంటున్నాయి, అవి ముదిరిన గింజలు, సందేహం లేదు. ముందు వరసలో సంఘపెద్ద సొలొమోనుగారి బట్టతల కనిపిస్తోంది, వేలం పాడించేది ఆయనే. ఆయనకి మూడు నెలల షుగరు ఎంతుందో నాకు తెలుసు, ఆయన భార్యకి తెలియదు, ఏటా తాటిబెల్లం బుట్ట ఆయనే పాడుకుంటాడు, అడగడం నా పని కాదు. ఈ చర్చిలో సగం మంది రక్తం నా చేతుల మీదుగా పోయింది. పేరు, వయసు, అంకె, అంతవరకే. మనుషుల్లో ఏం ముదిరిందో ఏం ముదరలేదో చూసి కాగితం మీద వేసి ఇచ్చేయడమే, బాధపడే పని డాక్టర్లది. ముదరడం అంటే గుర్తొచ్చింది, నా ముప్ఫై రెండో ఏట ఇదే చర్చిలో, ఇదే వైపు, నా వెనక వరసలో ఎవరో అన్నారు, అమలమ్మ కూతురు ముదిరిపోయింది, ఇంకెవరు చేసుకుంటారు అని. బజారులో సొరకాయ మీద గోరు గుచ్చి చూస్తారే, ఆ గొంతుతో. గోరు దిగితే లేత, తీసుకో. దిగకపోతే ముదురు, పక్కన పెట్టు. ఆ రోజు ఏడిచాను, అబద్ధం ఎందుకు, అప్పట్లో అమ్మా నేనూ ఇక్కడే పటమటలో ఉండేవాళ్ళం, ఇంటికెళ్ళి బావి దగ్గర బట్టలుతుకుతూ ఏడిచాను. అమ్మ కనిపెట్టి, ఏమైందే అని అడిగి, విని, చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టి అంది: "ముదిరింది పనికిరాదన్నదెవరే? కూరకి పనికిరాదు, అంతేగా." ఇంకో నాలుగేళ్ళకి జాన్ పాల్‌ని చేసుకున్నాను. నాకు ముప్ఫై ఆరు, పిల్లకి పదకొండు. ఇప్పుడు పిల్లకి ఇరవై అయిదు, మంగళగిరి కంపెనీకి రోజూ బస్సులో పోయి వస్తోంది, వెనక వరసలో గొంతులు మళ్ళీ మొదలయ్యాయి, మనుషులు మారారు, గోరు మారలేదు.

అమ్మకి రెండు దారాలుండేవి. కోతపండగకి మొదటి మంచి కాయ దేవుడిది, అది ఆమె తప్పేది కాదు. విత్తనానికి కూడా మొదటి మంచి కాయే కావాలి, నాసి కాయ గింజకి నాసి పాదే వస్తుంది. ఇద్దరూ మొదటిదే అడిగితే ఎలా, అందుకని పిందె దశలోనే రెంటిని ఎంచి, ఒకదానికి తెల్లదారం, ఒకదానికి ఎర్రదారం కట్టేది. తెల్లది దేవుడిది, ఎర్రది విత్తనానిది, దారం లేంది మనది. కోడిపెట్ట కాలికి కూడా అంతే, మేకమెడకీ అంతే, తెల్లదారం కనపడితే నేను చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని, ఎంత ఆకలేసినా. ఒక ఏడు తుపాను వచ్చి గడ్డివామితో సహా పాదు కొట్టుకుపోయింది, మొదలు దగ్గరి తీగకి ఒకే ఒక్క కాయ మిగిలింది. పండగ వారం ఉంది. నాకు పదేళ్ళు, ఏం చేస్తుందో అని చూస్తూ కూర్చున్నాను. అమ్మ దానికి ఎర్రదారం కట్టింది. కట్టి, పండగనాడు గోంగూర కట్టలు రెండు నెత్తిన పెట్టుకుని గుడికి, మేము చర్చిని అలాగే అనేవాళ్ళం, నడిచింది. దేవుడికి కోపం రాదా అన్నాను. "దేవుడాగుతాడే. కార్తె ఆగదు" అంది. నడుస్తూనే అంది, వెనక్కి తిరగలేదు. ఆ మరుసటేడు దేవుడికి అయిదు కాయలు మోసింది, పైన తెల్లదారాలు, నేను వెనకాల దారాలు లెక్కపెట్టుకుంటూ నడిచాను.

సొలొమోనుగారు లేచారు, ప్రసంగం మూడో భాగం చివరికొచ్చిందన్నమాట, బల్ల ముందు చోటు కోసం అరటిగెల పక్కకి జరిపారు. కాయ తొడిమ ఇప్పటిదాకా ఆ గెల చాటునే ఉంది. పీలిక ఉంది. కోసేటప్పుడు తెగకుండా, తొడిమ జానెడు పొడుగు వదిలి కోసింది పిల్ల. కోసి, మట్టికొట్టుకుపోయిన పీలికని విప్పి ఉతికినట్టుంది, తెల్లగా ఉంది. మళ్ళీ కట్టింది, నేను కట్టినట్టు మొండిముడి కాదు, చక్కగా, రెండు చెవులొచ్చేలా. తెల్లది. నేను కట్టింది తెల్లది. ఇది నా తలలోకి వచ్చేసరికి పాస్టరుగారు లేచి నిలబడమన్నారు, అందరూ లేచారు, నేను కూర్చునే ఉన్నాను, వినీల మోచేత్తో పొడిస్తే లేచాను. పద్నాలుగేళ్ళ కిందట, నేను ఆ ఇంటికి వచ్చిన మొదటి వానాకాలం. పదకొండేళ్ళ పిల్ల పెరటి మెట్టు మీద కూర్చుని మోకాలి మీద పుండు చెక్కు గిల్లుకుంటోంది, నాతో మాట్లాడదు, పిన్ని అని కూడా అనదు. పిల్లలతో ఏం మాట్లాడాలో నాకు తెలియదు, వాళ్ళమ్మ గురించి మాట్లాడటానికి నాకు హక్కు లేదు. అందుకని సొరపాదు దగ్గర కూర్చుని దారాల సంగతి చెప్పాను. తెల్లది దేవుడిది, ఎర్రది విత్తనానిది, దారం లేంది మనది. గోడకి చెప్పినట్టే ఉంది, పిల్ల తలెత్తలేదు, చెక్కు ఊడి రక్తం వచ్చింది, లేచి లోపలికి పోయింది. వినలేదనుకున్నాను. ఆ తర్వాత ఏటా ఆ పెరట్లో ఎర్రదారాలు కట్టుకుంటూ, పండగకి తెల్లదారం కాయలు కోసుకుంటూ, అది నా ఒక్కదాని లోకం అనుకున్నాను. పిల్ల ఎందుకు ఒక్క కాయా కోయలేదు, ఏ దారం ఎవరిదో తెలిసిన పిల్ల కాబట్టి కోయలేదా? ఇవాళ తెల్లదారం చూసింది, పండగ అని తెలుసు, పిన్ని ల్యాబుకి పోయి మర్చిపోయింది అనుకుంది. పిన్ని మొక్కుకున్న కాయ దేవుడికి చేరకపోతే ఎలా అనుకుంది. సింగ్‌నగర్ నుంచి ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి ఉంటుంది. గంట నుంచి నేను ఈ పిల్ల మీద కోపంగా కూర్చున్నాను. సిగ్గేసింది. ఒళ్ళంతా సిగ్గేసింది, ఏ అంకె వేసి ఎవరికిచ్చినా ఇలా ఎప్పుడూ అనిపించలేదు.

వేలంపాట మొదలైంది. పుంజుని రైల్వే ఆయన ఒకరు పాడుకున్నారు, పాడుకుని తిరిగి దేవుడికే ఇచ్చేశారు, దాన్ని మళ్ళీ పాడారు, పుంజు తన సంగతి ఏం తేలుతుందో అన్నట్టు అటూ ఇటూ చూస్తోంది. గుమ్మడికాయ పోయింది, వంకాయల బుట్ట పోయింది, తాటిబెల్లం అనుకున్నట్టే సొలొమోనుగారే పాడుకుని పక్కన పెట్టుకున్నారు. చివరికి రెండు చేతులతో నా కాయ ఎత్తారు. "అబ్బో, ఏం బరువండీ" అన్నారు. పైకెత్తి అందరికీ చూపించారు, వినీల నిటారుగా కూర్చుంది. అప్పుడు ఆయన అలవాటు కొద్దీ, బజారులో అందరూ చేసే పనే, బొటనవేలి గోరు కాయ పొట్ట మీద పెట్టి నొక్కారు. మళ్ళీ నొక్కారు. "గోరు దిగట్లేదండీ. ముదిరిపోయింది. ఎవరిదమ్మా ఇది? సాంబారుకి పనికిరాదు, తంబూరాకైతే పనికొచ్చిద్ది!" చర్చి మొత్తం నవ్వింది, మగవాళ్ళ వైపు నుంచి మా ఆయన నవ్వు కూడా వినిపించింది. నాలో ఒక్కసారిగా ఏదో తెరుచుకున్నట్టయింది, గోరు దిగలేదు, దిగలేదు, ఇంకేం కావాలి, గింజ ముదిరే ఉంటుంది. ఆ సంతోషంలో పక్కకి తిరిగితే వినీల తల దించుకుని చున్నీ అంచు చుట్టుకుంటోంది వేలికి, చెవులు ఎర్రబడ్డాయి. నాకు పండగ, ఆ పిల్లకి పరువు పోవడం, రెండూ ఒకే మాటలో. వెనక వరసలో ఎవరో, ముదురు సరుకంతా ఆ ఇంట్లోనే ఉన్నట్టుంది అని కిసుక్కుమన్నారు. ఎవరో నాకు తెలుసు, ఆవిడ థైరాయిడ్ రిపోర్టు కూడా తెలుసు. నేను చెయ్యెత్తాను. ఎత్తితే సరిపోయేది, లేచి నిలబడ్డాను. "నాకు కావాలండీ" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ముదిరిపోయిందమ్మా ఎలిజబెత్తూ" అన్నారు సొలొమోనుగారు జాలిగా. "ముదిరిందనే అడుగుతున్నానండీ." ఎవరూ పోటీ రాలేదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి.

కాయ మూడు వరసల మీదుగా చేతులు మారుతూ వచ్చి నా ఒళ్ళో పడింది. చల్లగా ఉంది, మెడ ఎప్పటిలాగే వంకరగా ఉంది. వినీల నా వైపు వంగి, "పిన్నీ, నా కోసం కొన్నావా? వద్దుగా, ముదిరిపోయిన కాయ ఏం చేసుకుంటాం" అంది, గొంతులో ఏడుపు తగులుతోంది. అవును అంటే అయిపోయేది. పిల్ల పరువు దక్కేది, నా గింజ నాకు దక్కేది, దారాల సంగతి ఎవరికీ తెలిసేది కాదు. "నీ కోసం కాదు. విత్తనానికి" అన్నాను. పిల్ల కాయ వైపు చూసింది, తొడిమ వైపు చూసింది, తను కట్టిన చెవులముడి వైపు చూసింది. "తెల్లది కట్టావుగా" అంది మెల్లగా. నన్ను తప్పుపట్టినట్టు కాదు, లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టు. "ఎర్రదారం వరదలో పోయింది. చేతికి దొరికింది కట్టాను. నువ్వు కరెక్టుగానే కోశావు. తప్పు నాది." ఈ చివరి మాట నేను ఆ పిల్లతో ఎప్పుడైనా అన్నానేమో వెతికాను, లేదు. బల్ల దగ్గర అరటిగెల పాట నడుస్తోంది, గోల గోలగా ఉంది.

"ముందే చెప్పాల్సింది పిన్నీ," అంది వినీల, కొంచెం విసుగ్గానే. "దేవుడాగుతాడు, కార్తె ఆగదుగా. వంకాయలు తెచ్చేదాన్ని."

ఆ మాట నేను ఆ పిల్లకి ఎప్పుడు చెప్పానో నాకు గుర్తు లేదు. చెప్పిన గుర్తు అసలే లేదు. నేను అలాగే చూస్తుంటే, నా ఒళ్ళోంచి కాయని తన ఒళ్ళోకి లాక్కుని, అటూ ఇటూ తిప్పి, పాల చుక్కల దగ్గర ఒకచోట చూసుకుని, బొటనవేలి గోరు పెట్టి గట్టిగా నొక్కింది.

"దిగలా" అంది.